దేవునికి మాత్రం చెప్పమన్న మాట

మా ప్రార్థన గుడిసెకు మట్టిగోడలు కూడా లేవు. చుట్టూ చొప్ప తడికెలు, పైన గడ్డి కప్పు, కింద పేడతో అలికిన నేల. హాలియా నుంచి దేవరకొండ వైపు నడిచిపోయేవాళ్ళకు మా వాడ చివర అదొక పశువుల కొట్టంలా కనిపించేది. అందులో ఆదివారం ఆరాధన నడిపింది మొదట మా నాయిన. ఆయనకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, ఒక కాలు, సగం నాలుక పడిపోయాక నేను నడిపాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు.

నేను బడికి పోలేదు. మా వాడ పిల్లలకు బడి అనేది లేదు. నాయిన చేట వెనక బొగ్గుతో అక్షరాలు రాసి నేర్పాడు. వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం, నలుగురి ముందు నిలబడి ప్రార్థించడం, అన్నీ పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. అలాంటి తండ్రిని ఇచ్చినందుకు ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను. ఇది చదివినవాళ్ళు ఆయన నేర్పిందే కదా ఇంత పని చేసింది అనుకోవచ్చు. ఆయన తప్పు ఏమీ లేదు.

ఆయన నేర్పిన పద్ధతి ఒకటుండేది. ఎవరైనా "అన్ని మేలులకూ వందనాలు" అని ఊరుకుంటే ఆయనకు నచ్చేది కాదు.

"దేవునికి మూట గట్టి చెప్పొద్దు, ఇప్పి చెప్పాలె" అనేవాడు. "లగ్గానికి పోయినోడు కడుపునిండ తిన్న అంటే ఆ ఇంటోళ్ళకు ఏం సంబురం? వంకాయ కూర మంచిగున్నది, రెండుసార్లు ఏసుకున్న అంటే గద సంబురం."

మా వాళ్ళకు నలుగురిలో నిలబడి చెప్పుకోవడం సిగ్గు. ముఖ్యంగా ఆడవాళ్ళకు. అందుకని శనివారం సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే మా గడపలో కూర్చుని, ఆ వారం జరిగిన మేలు నాకు చెప్పిపోయేవాళ్ళు. నేను గుర్తుపెట్టుకుని ఆదివారం చివరి ప్రార్థనలో ఒక్కొక్కటీ విప్పి చెప్పేదాన్ని. బర్రె ఈనిందనీ, పాము కాలి మీద నుంచి పోయినా కరవలేదనీ, వెట్టికి పోయిన మొగుడు దెబ్బలు తినకుండా తిరిగి వచ్చాడనీ చెప్పేదాన్ని. ఎవరి స్తుతి వచ్చినప్పుడు వాళ్ళు గట్టిగా ఆమెన్ అనేవాళ్ళు. అదే వాళ్ళ సాక్ష్యం.

వరసకు పెద్దనాయిన అయ్యే ఒక ముసలాయన ప్రతి శనివారమూ అందరికంటే ముందు వచ్చేవాడు.

"మ్యాక దొరికింది బిడ్డా. యాదిపెట్టుకో."

"పోయిన వారం గూడ మ్యాక దొరికిందనే చెప్పిచ్చినవు గద పెద్దనాయినా. మల్ల తప్పిపోయిందా?"

"గది దొరికినంక ఎవడో కోసుకతిన్నడు. గిది ఇంకో మ్యాక."

"కోసుకతిన్నదానికి గూడ స్తుతేనా?"

"నా గొంగడి ముట్టలే గదనే. దానికి చెప్పు."

నవ్వుకుంటూ చెప్పించుకునేవాళ్ళం. వినడానికి ఎవరూ లేని మనుషులు వాళ్ళు. దొర ఉండే గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచే మనుషులు. వాళ్ళ మేకను, వాళ్ళ బర్రెను దేవుని ముందు పేరు పేరునా చెబుతుంటే కొందరు ఏడ్చేవాళ్ళు. నేను ప్రార్థన బాగా చేస్తానని పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ మాట నాకు ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

చిన్నమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ నన్ను కని చనిపోయింది. అమ్మ చెల్లెలు చిన్నమ్మ తన కొడుకుతో పాటు నాకూ పాలిచ్చి పెంచింది. ఆ కొడుకు నాకంటే ఏడాది పెద్ద. వాడ మొత్తం గడికి వెట్టి బందు పెట్టిన రోజున ముందు నడిచినవాళ్ళలో వాడొకడు. రజాకార్లు వచ్చి మా గుడిసెలు కాల్చినప్పుడు అడవిలోకి పోయి కమ్యూనిస్టుల దళంలో కలిశాడు. తరువాత నైజాం రాజ్యం పోయింది, మిలిటరీ వచ్చింది అన్నారు. ఆ ఆదివారం నేను చేసినంత పొడుగు ప్రార్థన ఇంకెప్పుడూ చెయ్యలేదు. కాలిన గుడిసెలను ఒక్కొక్కటిగా చెప్పి, ఇక కాలవు కనుక స్తోత్రం అన్నాను.

రెండు నెలలు తిరక్కుండా పట్నం పారిపోయిన దొర మిలిటరీ వెంట తిరిగివచ్చాడు. గడిలోనే మిలిటరీ క్యాంపు పెట్టారు. రజాకార్లు వెతికిన మనుషులనే వీళ్ళూ వెతికారు. చిన్నమ్మ కొడుకు కృష్ణ దాటి నల్లమలకు పోయాడని విన్నాం. పద్నాలుగు నెలలు వాడి గురించి ఏమీ తెలియలేదు. ఆ పద్నాలుగు నెలలూ చిన్నమ్మ శనివారం వచ్చి గడపలో కూర్చుని, ఏమీ చెప్పకుండా లేచిపోయేది. నేనూ అడిగేదాన్ని కాదు.

ఒక శనివారం అందరూ పోయాక ఆమె లోపలికి వచ్చింది. మా ఇంట్లో పిడికెడు బియ్యం కుండ ఉండేది. మా ఆడవాళ్ళు వంటకు తీసే గింజల్లో నుంచి పూటకో పిడికెడు దేవుని పేర పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి ఆ కుండలో పోసేవాళ్ళు. ఎక్కువ జొన్నలే. కూలికి వడ్లు దొరికిన రోజుల్లో కాసిన్ని బియ్యం. మంచాన పడ్డవాళ్ళ గంజికని బియ్యం విడిగా తీసి ఉంచేదాన్ని.

"గంజికి ఇన్ని బియ్యం పెట్టు బిడ్డా" అంది.

"ఎవరికి చిన్నమ్మా? నీకు పానం బాగలేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. మంచంలో నాయిన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నన్ను కుండ పక్కకు లాగి, చెవి దగ్గర చెప్పింది.

"వచ్చిండే. బేస్తవారం తెల్లారకముందు వచ్చిండు. ఒళ్ళు నిప్పుల కుంపటి. నన్ను గుర్తు గూడ పట్టలే. రెండు రోజులు తడిగుడ్డ ఏసుకుంట కూసున్న. గీ పొద్దు జరం ఇడిసింది. ఆకలైతాంది అమ్మా అన్నడు. ఆకలైతాంది అన్నడే!"

ఆమె ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు తెలియలేదు. కొంగు పట్టమని ఉన్న బియ్యమంతా పోశాను.

పోతూ పోతూ తడిక దగ్గర ఆగింది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నాయినకు గూడ చెప్పకు. దేవునికి మాత్రం చెప్పు. నాకు గట్ల చెప్పుకోవుడు రాదు."

ఆ మాటను నేను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. ఆమె అన్నదేమిటో స్పష్టంగానే ఉంది. కానీ దేవునికి చెప్పడమంటే నాకు తెలిసింది ఒక్కటే. ఆదివారం లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, నోటితో చెప్పడం. మా వాడలో ఎవరికీ వేరే ప్రార్థన తెలియదు. మనసులో మనసులో చెప్పుకుంటే అది ప్రార్థన అవుతుందని మాకెవరూ చెప్పలేదు. శనివారం నాకు చెప్పిన మాట ఆదివారం దేవునికి చేరాలి. అది నా పని. ఆ పనిలో నేను ఎన్నడూ ఒక్క స్తుతి కూడా మరిచిపోలేదు.

అయినా పడుకునే ముందు ఆలోచించాను. పేరు చెప్పకూడదనుకున్నాను. అడవి అనకూడదు, దళం అనకూడదు, కొడుకు అనకూడదు. నాయినను ఒక్క మాట అడిగి ఉంటే ఆ పడిపోయిన నాలుకతోనైనా వద్దనేవాడు. చిన్నమ్మ చెప్పొద్దంది కనుక అడగలేదు.

ఆదివారం వాక్యం చదివాను. పాట పాడాం. చివరి ప్రార్థనలో పెద్దనాయిన మేకను చెప్పాను, ఒకామె తేలు కుట్టి బతికిన సంగతి చెప్పాను. తరువాత అన్నాను:

"ప్రభువా, పద్నాలుగు నెలల తరువాత ఒక తల్లి తన చేత్తో ఒక బిడ్డకు గంజి పోసింది. ఆ బిడ్డ ఒంటిలో మంట తీసేశావు. ఆకలి ఇచ్చావు. అందుకు నీకు స్తోత్రం."

ఎంత జాగ్రత్తగా చెప్పానో అనిపించింది. బాగా చెప్పానని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. వెంటనే ఆమెన్ రాలేదు. ఒక గుటక మింగినంత సేపు గుడిసె నిశ్శబ్దంగా ఉండి, అప్పుడు అందరూ అన్నారు. మనసు కదిలి ఆలస్యమైందనుకున్నాను. మా వాడలో బిడ్డ దూరమై పద్నాలుగు నెలలైన తల్లి ఒక్కతే అని కళ్ళు మూసుకుని ఉన్న నాకు తట్టలేదు.

బయటికి వస్తుంటే చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఎంత పని జేసినవే!"

అప్పుడు తెలిసింది. నలభై మంది గుడిసె ముందు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎవరూ మా వైపు చూడడం లేదు. మామూలు ఆదివారం అయితే సగం మంది నిలబడి మాట్లాడుకునేవాళ్ళు.

ఆమె వెనకే నేనూ పోయాను. వాడు ఇంట్లో గింజలు పోసే గుమ్మి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగి, దవడలు లోపలికి పోయి ఉన్నాడు. మా ఇద్దరికీ పాలు ఒకటేనని చెబితే ఎవరూ నమ్మరు. తల్లి ముఖం చూసి ఏం జరిగిందని అడిగాడు. ఆమె చెప్పింది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

వాడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"ఏందే పంతులమ్మా, నా మీద దేవునికి రిపోర్టు రాసినవంట?"

"దేవునికి చెప్తే దేవుని దగ్గర్నే ఉంటదనుకున్ననే" అన్నాను.

"మీ దేవునికి గోడలేడియే? తడికెలే గద." తరువాత తల్లితో అన్నాడు, "దాన్ని ఏమనకు అమ్మా. దాని బియ్యమే గద నేను తాగింది."

వెంటనే పోవాలని చిన్నమ్మ అంది. వాడు లేచి రెండడుగులు వేసి మళ్ళీ గోడ పట్టుకున్నాడు. ఆముదం చేలు కోసేశారు, జొన్నచేలు కోసేశారు. గుట్ట దాకా నేలంతా బోడిగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ నేల మీద మనిషి నడిస్తే గడి మిద్దె మీది నుంచి కనిపిస్తాడు. పొద్దుగూకేదాకా ఆగడం మంచిదని నేనే అన్నాను. చిన్నమ్మ కాదంది. వాడు మా ఇద్దరినీ చూసి, "జర మసక పడనియ్యి అమ్మా, పోత. నడిచే బలం గూడ రావాలె గద" అన్నాడు. ఆగుదామన్న నా మాట కూడా ఇందులో కలిసి ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేదు, ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమ్మ మిగిలిన బియ్యం పొయ్యి మీద పెట్టింది. ఉడికాక గంజి వంచి ఇస్తే వాడు సగం తాగాడు. అప్పుడే వాడ మొదట జీపు చప్పుడు వినిపించింది. మా వాడకు అంతకుముందు జీపు వచ్చింది లేదు. నలుగురు మిలిటరీ వాళ్ళు, వాళ్ళ ముందు గడి మనిషి ఒకడు. ఏ ఇల్లు అని అడగలేదు. నేరుగా వచ్చారు.

వాడు పారిపోవడానికి చూడలేదు. వాడి తువ్వాలతోనే చేతులు వెనక్కి కట్టారు. చిన్నమ్మ ఒకడి కాళ్ళ మీద పడితే బూటుతో పక్కకు నెట్టాడు. గడప దాటేటప్పుడు వాడు వెనక్కి తిరిగి అన్నాడు:

"గంజి మిగిలింది. సల్లారకముందే తాగు."

మూడు రోజులు గడిలో ఉంచారు. చిన్నమ్మ మూడు రోజులూ గడి ముందు రోడ్డు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే లేచి అవతలికి పోయి కూర్చుంది. నాలుగో రోజు గుట్ట దగ్గర పారిపోతుంటే కాల్చామని చాటింపు వేయించారు. శవం చూపించలేదు. ఎక్కడ పూడ్చారో తెలియదు. "జరం పడి లేసినోడు ఎట్ల ఉరుకుతడు?" అని పెద్దనాయిన మెల్లగా అన్నాడు.

నాయినకు నేనే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. ఆయన విని, పని చేసే చెయ్యి ఒక్కటీ ఎత్తి, నోరు తెరిచి, ఏదో అనబోయి అనలేక గోడ వైపు తిరిగాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

తరువాతి శనివారం మా గడపకు ఎవరూ రాలేదు. పొద్దుగూకాక పెద్దనాయిన ఒక్కడు వచ్చి, కూర్చోకుండానే, "నా తరపున ఏం లేదు బిడ్డా" అని చెప్పిపోయాడు. లేదని చెప్పడానికి అంత దూరం నడిచి వచ్చాడు.

ఆదివారం అందరూ వచ్చారు. మానేస్తే చెప్పింది తామేనని అనుకుంటారేమోనని భయం కావచ్చు. చిన్నమ్మ కూడా వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నేను పాట ఎత్తుకున్నాను, వాక్యం చదివాను. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి నా దగ్గర ఎవరి స్తుతీ లేదు. కళ్ళు మూసుకుని ఊరికే నిలబడ్డాను. గడికి మాట మోసినవాళ్ళు ఈ నలభై మందిలోనే ఉన్నారు. పిల్లలను కాపాడుకోవడానికి చెప్పారో, భూమికి ఆశపడ్డారో, ఊరికే నోరు జారారో. వాళ్ళు కూడా ఆ రోజు ఆమెన్ అన్నారు. ఎవరు? ఆ ఆలోచన రాగానే కళ్ళు తెరిచాను. ప్రార్థన మధ్యలో నేను కళ్ళు తెరవడం అదే మొదటిసారి.

చాలామంది కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒకరినొకరు చూసుకుంటున్నారు.

అప్పటి నుంచి నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యలేదు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. తెలిసి ఉంటే ఒక్కరి మీద కోపం పెట్టుకుని మిగిలినవాళ్ళను ప్రేమించేదాన్ని. తెలియక అందరినీ అనుమానించాను. వాళ్ళకు పెళ్ళిళ్ళలో పాట పాడాను, చావుల దగ్గర వాక్యం చదివాను. ప్రతి ముఖంలోనూ అదే వెతికాను. దేవుడు నన్ను క్షమించాడని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు వందనాలు. నాకు మాత్రం ఆ మాట ఆయన దగ్గర నుంచి రాలేదు.

ఒకరోజు చిన్నమ్మ ఇంటికి పోయాను. జొన్నలు విసురుతున్నది. ఎదురుగా కూర్చుని ఇసుర్రాయి పిడి మీద నేనూ చెయ్యి వేశాను. తోసెయ్యలేదు. ఇద్దరం కాసేపు విసిరాం.

"నన్ను మాఫ్ చెయ్యి చిన్నమ్మా."

"దేనికి? చెప్పుమన్నది నేనే గద."

"నువ్వు దేవునికి మాత్రం చెప్పుమంటివి."

"నువ్వు చెప్పింది ఆయనకే గద బిడ్డా. నేను ఇన్న గద. ప్రభువా అనే మొదలువెట్టినవు." ఇసుర్రాయి ఆపింది. "ఇన్నడు గద ఆయన. మరి ఏం జేసిండు?"

ఆరాధన నడిపేదాన్ని నేను. ఎవరికి ఏ కష్టం వచ్చినా పోయి నాలుగు మాటలు చెప్పేదాన్ని. పిండి ఎత్తి చేటలో పోసి ఇచ్చి వచ్చేశాను. అప్పటికి లేని జవాబు ఈ వయసులోనూ లేదు. చదువుకున్న పాస్టరు అయ్యగార్లను ఇద్దరు ముగ్గురిని అడిగాను. మంచి మాటలే చెప్పారు. చిన్నమ్మకు చెప్పగలిగిన మాట ఒక్కటీ లేదు వాటిలో.

ఎండలు ముదిరాక ఆమె కొత్తకోట దగ్గర తమ్ముడి ఊరికి పోతానంది. ఇక్కడ ఆ గుట్ట చూస్తూ ఉండలేనంది. పోయే రోజు పొద్దున్నే మూట నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచింది. మంచంలో ఉన్న నాయినకు లోపలికి వచ్చి దండం పెట్టింది. నా తల మీద చెయ్యి పెట్టింది. పాలిచ్చి పెంచిన చెయ్యి. ఇంత జరిగాక కూడా ఆ చెయ్యి పెట్టినందుకు నేను రుణపడి ఉన్నాను.

వాడ దాటేదాకా వెంట పోయాను. ప్రయాణానికి బయలుదేరేవాళ్ళను ప్రార్థన చేసి పంపడం మా అలవాటు.

"ప్రార్థన చెయ్యనా చిన్నమ్మా?"

"వద్దు."

"మనసుల చేసుకుంట. ఎవ్వలకు ఇనరాదు."

ఆమె ఆగింది. మూట సర్దుకుంది.

"మనసుల గూడ వద్దు బిడ్డా. నా గురించి ఆయనకు ఇంకేం చెప్పకు. నేను ఏడున్న, ఏం తిన్న, బతికిన్నో సచ్చిన్నో. నా పేరు ఎత్తకు."

సరేనన్నాను. ఆమె రోడ్డు ఎక్కింది. మలుపు దగ్గర తిరిగి చూస్తుందని నిలబడ్డాను. చూడలేదు.

ఆ తరువాత మా వాడలో చాలా ఏళ్ళు ఆరాధన నడిపాను. రాతి గోడల గుడి కట్టారు, వచ్చేవాళ్ళు పెరిగారు, తగ్గారు. నా ప్రార్థన పొట్టిగా ఉంటుందని కొత్తగా వచ్చిన అయ్యగార్లు మెచ్చుకునేవాళ్ళు. వానకు, ఆరోగ్యానికి, పిల్లలకు వందనాలు చెప్పి ముగిస్తాను. చిన్నమ్మ గురించి ఎవరూ కబురు తేలేదు. ఇప్పటికి పోయే ఉంటుంది. ఆమె తిన్నదా, ఎవరైనా చూశారా, చివరలో పక్కన ఎవరైనా ఉన్నారా అని ప్రతి ఆదివారం నోటి దాకా వస్తుంది. సరేనన్నాను కనుక ఆపుకుంటాను. ఆమెకు మళ్ళీ మాట తప్పకూడదు.